‘ఇక్కడ నన్ను ఎరిగినవాళ్ళు లేరు మేడమ్’: చిన్న టౌను నుంచి హైదరాబాద్ వచ్చిన ఒక అమ్మాయి కేసు

ఈ కేసు రాయడానికి ఆ అమ్మాయి దగ్గర అనుమతి తీసుకున్నాను, రాసినది చదివి వినిపించాను కూడా. పద్మ అని పిలుస్తున్నాను, అసలు పేరు వేరు. ఊరు, ఉద్యోగం, ఇంటి సంగతులు కొన్ని మార్చాను. నేను ఎక్కడ పొరబడ్డానో అది మాత్రం మార్చలేదు. మొదటి రెండు నెలలు ఈ కేసుని నేను తప్పుగా అర్థం చేసుకున్నాను, దానివల్ల ఆమె బాధ తగ్గకపోగా పెరిగింది. చిన్న ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలతో పనిచేసే కౌన్సెలర్లు నాలాగే పొరబడకూడదని రాస్తున్నాను.

నేపథ్యం

పద్మకి 22 ఏళ్ళు. శ్రీకాకుళం వైపు ఒక చిన్న టౌను. నాన్నకి మెయిన్ రోడ్డు మీద కిరాణా కొట్టు, తాత పెట్టింది. ఆరో తరగతి నుంచి బడి వదలగానే వచ్చి గల్లా దగ్గర కూర్చోవడం అలవాటు. తూకం, పొట్లం కట్టడం, పద్దు రాయడం అన్నీ వచ్చు. ఎవరింట్లో ఎంతమంది, ఎవరు నెల మొదట్లో ఇస్తారు, ఎవరు పంట డబ్బు వచ్చాక ఇస్తారు, ఫలానా మాస్టారికి షుగర్ వచ్చింది కాబట్టి వాళ్ళింటికి బెల్లం తగ్గింది, ఇవన్నీ నోటికి చెప్పేది. వీధిలోకి వస్తే చాలు, ‘ఏటి పాపా, ఎక్కడికి ఎల్తన్నావు’ అని పదిమంది అడిగేవాళ్ళు. ఆ రోజుల్లో అది తనకి చిరాకుగా ఉండేదని మొదటి సిట్టింగ్‌లోనే చెప్పింది. ‘ఎక్కడికెళ్ళినా లెక్క చెప్పాలి మేడమ్, ఎప్పుడు బయటపడతానా అనుకునేదాన్ని’ అంది. నేను ఆ మాట రాసుకున్నాను కానీ దాని బరువు అప్పుడు తెలియలేదు.

బీకాం అయ్యాక మాధాపూర్‌లో ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే బ్యాక్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 9 దాకా షిఫ్టు. చేతికి 21 వేలు. మధురానగర్‌లో నలుగురు ఉండే గది, హాస్టల్‌కి 7,500, ఇంటికి 5 వేలు. మెట్రో స్టేషన్ నడిచే దూరం. అంటే కాగితం మీద చూస్తే ఏ లోటూ లేదు. సేఫ్ హాస్టల్, సరైన జీతం, అప్పులు లేవు, ఇంట్లో గొడవలు లేవు. ప్రేమ వ్యవహారం ఏదైనా ఉందేమో అని కూడా అడిగాను, లేదు.

ఏ ఇబ్బందితో వచ్చింది

నా దగ్గరికి తనంతట తాను రాలేదు. కడుపులో మంట, అన్నం సహించడం లేదు, నాలుగు నెలల్లో అయిదు కిలోలు తగ్గింది. గ్యాస్ట్రో డాక్టర్ ఎండోస్కోపీ చేశారు, ఏమీ లేదు. థైరాయిడ్ మామూలుగానే ఉంది. హిమోగ్లోబిన్ 9.6 ఉంటే ఐరన్ మాత్రలు రాసి, నిద్ర కూడా పట్టడం లేదంటోంది ఒకసారి మాట్లాడండి అని నా దగ్గరికి పంపారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. రక్తం తక్కువగా ఉంటే నీరసం, దిగులు, పని మీద ధ్యాస లేకపోవడం అన్నీ ఉంటాయి, అందుకే ఆ రిపోర్టులు చూడకుండా ‘ఇది మనసుకి సంబంధించినదే’ అని తేల్చేయకూడదు. ఐరన్ వేసుకుంటూనే మా పని మొదలుపెట్టాం.

డిప్రెషన్ ఎంత ఉందో చూసే పీహెచ్‌క్యూ-9లో 13 వచ్చింది. 27కి లెక్క, 10 నుంచి 14 దాకా మధ్యస్థం అంటాం. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడిగాను, లేదంది. గుండె దడ లేదు, జనం అంటే భయం లేదు, రైలెక్కితే ఊపిరాడకపోవడం లాంటివి లేవు. సాయంత్రం ఆఫీసులో టీ బ్రేక్‌లోనూ, ఆదివారం మధ్యాహ్నమూ ఏడుపొస్తుంది. అన్నం కంచం మంచం మీదికి తెచ్చుకుని, ఫోన్ చూస్తూ నాలుగు ముద్దలు తిని పక్కన పెట్టేస్తుంది. రోజుకి ఆరేడుసార్లు అమ్మకి ఫోన్ చేస్తుంది.

చోటు మారాక మూడు నెలల లోపు మొదలైంది కాబట్టి అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్, అంటే మారిన పరిస్థితికి సర్దుకోలేక వచ్చే బాధ, అని రాసుకున్నాను. ఆ పేరు తప్పు కాదు. కానీ ఆ పేరు పెట్టేసరికి ‘ఇల్లు వదలలేకపోతోంది, కొత్త చోటికి అలవాటు పడాలి’ అనే కథ ఒకటి నా తలలో స్థిరపడిపోయింది. అక్కడి నుంచి చేసినదంతా ఆ కథ ప్రకారం చేశాను.

మొదట ఏం చేశాను, ఎందుకు చేశాను

నిద్ర పద్ధతులు, శ్వాస అభ్యాసం మామూలే. నిద్ర కాస్త మెరుగైంది. అసలు నిర్ణయం ఫోన్ల గురించి. రోజుకి ఏడు కాల్స్ అంటే మనిషి హైదరాబాద్‌లో ఉన్నా మనసు ఊళ్ళో కొట్టు ముందే కూర్చుని ఉందన్నమాట, అది తగ్గితే గానీ ఇక్కడి మీదికి దృష్టి రాదు అనుకున్నాను. రాత్రి ఒక్క కాల్, అరగంట అని ఒప్పందం చేసుకున్నాం. నెలకొకసారి శుక్రవారం రాత్రి రైలెక్కి శ్రీకాకుళం రోడ్ వెళ్ళి ఆదివారం రాత్రి తిరుగు రైలు ఎక్కేది, దాన్ని కూడా రెండు నెలలకొకసారి చేద్దామన్నాను. ఆమె ఎదురు చెప్పలేదు. చిన్న ఊరి పిల్లలు పెద్దవాళ్ళకి, అందులోనూ డాక్టర్ లాంటి మనిషికి ఎదురు చెప్పరు. సరే మేడమ్ అంటారు. ఆ ‘సరే’ని నేను ఒప్పుకోలు అనుకున్నాను.

రెండోది స్నేహాలు. ఆఫీసులో ఆరుగురి గుంపు ఉంది, ఒక శనివారం వాళ్ళతో మాల్‌కి వెళ్ళమని ప్రోత్సహించాను. వెళ్ళింది. బిల్లు పంచుకుంటే మనిషికి 1,100 అయింది. కొట్టులో ఆ లాభం రావాలంటే ఎన్ని పొట్లాలు కట్టాలో తనకి లెక్క తెలుసు, ఆ ముద్ద గొంతు దిగలేదు. వాళ్ళు మాట్లాడుకునే సిరీస్‌లు తను చూడలేదు. మధ్యలో తను ‘ఏటి’ అంటే ఒకమ్మాయి అదే మాట మళ్ళీ మళ్ళీ అని నవ్వించింది, అందరూ నవ్వారు. ఆ పిల్ల చెడ్డది కాకపోవచ్చు. కానీ ఆ రోజు నుంచి పద్మ ఆఫీసులో నోరు విప్పితే ప్రతి మాటా ముందు లోపల దిద్దుకుని బయటికి అనేది. యాసని వెక్కిరించడం మనలో చాలామందికి తప్పుగా కూడా తోచదు. శ్రీకాకుళం, పాలమూరు, కడప, ఏ యాస అయినా సరే, పద్దెనిమిదేళ్ళో ఇరవయ్యేళ్ళో ఆ నోటితోనే బతికిన మనిషికి అది ఎంత లోపలికి దిగుతుందో నేను ఈ గదిలో చాలాసార్లు చూశాను.

నాలుగో సిట్టింగ్‌కి వచ్చేసరికి పీహెచ్‌క్యూ-9 స్కోరు 16. ఇంకో కిలో తగ్గింది. ఆ రోజు సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాను, ఆయన చూసి ఇప్పుడే మందులు వద్దు, మూడు వారాల తర్వాత మళ్ళీ చూస్తాను అన్నారు. రాత్రిపూట మరీ భారంగా అనిపిస్తే 14416కి చేయమని రాసిచ్చాను. మానసిక సమస్యలకి ఫోన్లో సాయం చేయడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నా లెక్క ఎక్కడ తప్పింది

అయిదో సిట్టింగ్ రోజు నాకు ముందు కేసు ఆలస్యమైంది. తలుపు తీసి చూస్తే పద్మ, మా క్లినిక్‌లో ఊడ్చి తుడిచే ఆమె పక్కపక్కన కూర్చుని ఉన్నారు. పద్మ ఆమెని పిన్నీ అంటోంది. ఆమె మోకాలి నొప్పి ఎప్పటి నుంచి, చిన్నబ్బాయి ఏ బళ్ళో చదువుతున్నాడు, ఇంటి అద్దె ఎంత పెంచారు, అన్నీ పావుగంటలో తెలుసుకుంది. ఆమె మా దగ్గర ఆరేళ్ళుగా పనిచేస్తోంది, చిన్నబ్బాయి బడి మారాడన్న సంగతి నాకు తెలియదు. ఇంకా ముఖ్యమైనది ఏమిటంటే, నాలుగు సిట్టింగుల్లో నేను చూడని ముఖం ఆ పావుగంటలో పద్మకి ఉంది. కళ్ళు కదులుతున్నాయి. చేతులు కదులుతున్నాయి. యాస దిద్దుకోవడం లేదు.

ఆ రోజు అనుకున్న పని పక్కన పెట్టేసి ఒక్కటే అడిగాను: ‘ఊళ్ళో ఒక మామూలు రోజు పొద్దున్నుంచి రాత్రి దాకా నీకు ఎవరెవరు కనపడేవాళ్ళో వరసగా చెప్పు.’ పాలు పోసే అతనితో మొదలుపెట్టింది. నలభై దాటాక నేను లెక్కపెట్టడం ఆపేశాను. తర్వాత ఇక్కడి రోజు చెప్పమన్నాను. పేరు తెలిసినవాళ్ళు తొమ్మిదిమంది, అందులో తన పేరు తెలిసినవాళ్ళు ఆరుగురు, ఆ ఆరుగురూ మాల్‌కి వెళ్ళినవాళ్ళు. గదిలో మిగతా ముగ్గురూ వేరే వేరే షిఫ్టులు, పేర్లు కూడా సరిగా తెలియవు. టిఫిన్ యాప్‌లో వస్తుంది, సబ్బులు, బిస్కెట్లు యాప్‌లో వస్తాయి, మెట్రో కార్డు గేటుకి చూపిస్తే చాలు. ఒక్కో రోజు ఆఫీసుకి వెళ్ళేదాకా నోటితో ఒక్క మాట కూడా అనాల్సిన పని పడదు.

అప్పుడు అంది, ‘ఇక్కడ నన్ను ఎరిగినవాళ్ళు లేరు మేడమ్. నేను పడిపోతే ఎవరి పిల్ల అని ఎవరికి తెలుస్తుంది?’

అప్పటిదాకా ఇంటి బెంగ అనుకున్నది ఇంటి బెంగ కాదు, లేదా అది మాత్రమే కాదు. పదేళ్ళు గల్లా దగ్గర కూర్చుని వందల మందిని ఎరిగి, వందల మందికి తెలిసి బతికిన మనిషి. ఆ ‘ఎక్కడికి ఎల్తన్నావు’ చిరాకు పెట్టినా, రోజంతా తనని నిలబెట్టింది అదే. అది పోయింది. మిగిలిన ఒకే దారం అమ్మతో ఫోన్లు, దాన్ని నేను కత్తిరించాను. నేను చెప్పినట్టే చేసింది కాబట్టే ఆమెకి ఎక్కువైంది. ఈ మాట ఆమెకి కూడా చెప్పాను, నా నిర్ణయం తప్పయిందని. కాసేపు ఏమీ అనలేదు. ‘అమ్మకి ఇప్పుడు చెయ్యొచ్చా?’ అంది. అక్కడి నుంచే చేసింది.

ఇంకో సంగతి. స్నేహితులు లేకపోవడం సమస్య అనుకున్నాను. నిజానికి ఊళ్ళో కూడా తనకి గట్టి స్నేహితురాలు ఒకతే. మిగతా నలభైమందీ స్నేహితులు కారు, తెలిసినవాళ్ళు. ఈ తేడా మన చదువుల్లో లేకపోలేదు. అమెరికాలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే సైకాలజిస్ట్ 1970ల మొదట్లో రైల్వే స్టేషన్లలో రోజూ కలిసి నిలబడి ఎప్పుడూ మాట్లాడుకోని ప్రయాణికుల మీద పనిచేసి, వాళ్ళకి ‘తెలిసిన అపరిచితులు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. కెనడాలో శాండ్‌స్ట్రామ్, డన్ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో చూపించింది ఇంకా దగ్గరి విషయం. కాఫీ షాపులో డబ్బులిచ్చి వెంటనే వచ్చేసినవాళ్ళ కంటే, అక్కడ పనిచేసే మనిషితో నవ్వి రెండు మాటలు మాట్లాడినవాళ్ళకి ఆ తర్వాత మనసు తేలికగా ఉంది, నలుగురిలో ఒకరిమన్న భావన ఎక్కువగా ఉంది. ఇవన్నీ నేను చదివినవే. అయినా బాధలో ఉన్న మనిషి ఎదురుగా కూర్చుంటే ‘ఫ్రెండ్స్‌ని చేసుకో’ అనే మాటే నోటికొచ్చింది.

పనిచేసింది

పథకం చాలా చిన్నది. ఒకే చోటు, ఒకే వేళ, ఒకే మనిషి. యాప్‌లో తెప్పించే సరుకులు మానేసి హాస్టల్ సందు చివర కిరాణా కొట్లో కొనాలి, అదీ ఒకేసారి కాకుండా రోజుకి ఒకటి. పొద్దున ఎనిమిదిన్నరకి మూలమీది టిఫిన్ బండి దగ్గర నిలబడి తినాలి, పార్సిల్ కట్టించుకోకూడదు. మెట్రోకి రోజూ ఒకే టైముకి, ఒకే పెట్టె. స్నేహం చేసుకోవాలన్న లక్ష్యం లేదు. రెండు వారాలు గడిచేదాకా ఎవరి పేరూ అడగక్కర్లేదు అని కూడా చెప్పాను. ఎందుకంటే మాల్ అనుభవం తర్వాత ఇంకోసారి ‘నన్ను ఒప్పుకుంటారా లేదా’ అనే పరీక్ష పెట్టుకుంటే తట్టుకునే స్థితిలో లేదు. సరుకు కొనడంలో ఆ పరీక్ష ఉండదు. పని మీద వెళ్తాం, పని అయ్యాక వస్తాం, మాట మధ్యలో దానంతట అదే వస్తే వస్తుంది. పైగా కొట్టు అనేది ఈ అమ్మాయికి కంటిచూపుతో తెలిసిన లోకం. తనకి రాని పనితో మొదలుపెట్టించి నేను ఒకసారి దెబ్బ తినిపించాను, ఈసారి తనకి బాగా వచ్చిన పనితో మొదలుపెడదాం అనుకున్నాను.

ఆ కొట్టు ఆయనది రాజస్థాన్. పద్మకి హిందీ అంతంతమాత్రం. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, టీ పొడి ప్యాకెట్ల పక్కనే అగరొత్తులు, బట్టల సబ్బులు పెట్టి ఉండటం చూసి ఉండబట్టలేక చెప్పేసిందట, టీ పొడికి ఆ వాసన పట్టేస్తుంది, మా నాన్న ఈ రెండూ ఎప్పుడూ ఒక అరలో పెట్టరు అని, సగం హిందీ, సగం తెలుగు, సగం చేతులతో. ఆయన మీ నాన్నది దుకాణమా అని అడిగాడు. మర్నాడు వెళ్ళేసరికి సబ్బులు కింది అరలోకి మారాయి. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతు ఎలా ఉందో నాకు ఇప్పటికీ గుర్తుంది. నెల తిరిగేసరికి ఆయన ‘బేటీ’ అనేవాడు, రెండు రోజులు కనపడకపోతే ఒంట్లో బాగాలేదా అని అడిగేవాడు. ఆ ప్రశ్న అడిగేవాళ్ళు ఊరంతా ఉండేవాళ్ళు, ఇక్కడ ఒక్కడు దొరికాడు.

అంతా ఇలా సాఫీగా సాగలేదు. టిఫిన్ బండి మూడు వారాలకే మాయమైంది. రోడ్డు పక్క బండ్లన్నీ తీసేశారు, ఆ దంపతులు ఎక్కడికి వెళ్ళారో ఎవరికీ తెలియలేదు. ఆ వారం పద్మ మళ్ళీ మంచం మీదే తినడం మొదలుపెట్టింది. ఊళ్ళో పరిచయం అంటే తరాలు ఉంటుంది, ఇక్కడ ఒక పూటలో పోతుంది, ఈ విషయం నేను ముందే చెప్పి ఉండాల్సింది. ఒక్క దారం మీద బరువంతా వేయకూడదు. అందుకే ఆ తర్వాత ఇంకో రెండు చేర్చాం. ఒకటి హాస్టల్ వంటామె, రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చి వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని తినడం, కంచం గదిలోకి వెళ్ళదు. రెండోది ఆఫీసు సెక్యూరిటీ గేటు దగ్గర ఉండే ఆమె. ఆమెది విజయనగరం వైపు అని రెండో రోజే యాసని బట్టి తెలిసిపోయింది, ఇక దిద్దుకోవడం ఎందుకు! ఆఫీసులో నిర్భయంగా ‘ఏటి’ అనగలిగే చోటు ఒకటి ఏర్పడింది.

ఫోన్ల సంగతి. సంఖ్య మీద హద్దు తీసేశాం. కానీ ఒక విషయం అడిగాను, అమ్మకి ఏం చెబుతావు? ‘తిన్నాను, బాగున్నాను అని.’ ఏడుసార్లూ అదే. పద్మ ఒప్పుకున్నాక వాళ్ళమ్మగారితో ఒకసారి ఫోన్లో కూర్చున్నాం. ఆవిడ కాసేపు తటపటాయించి, మెయిన్ రోడ్డు మీద సూపర్ మార్కెట్ తెరిచారని, బేరాలు సగం పడిపోయాయని, పిల్ల బెంగపడుతుందని చెప్పలేదని అన్నారు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు దాచుకున్నారు, అందుకే అన్ని ఫోన్లు చేసుకున్నా ఆకలి తీరలేదు. అప్పటి నుంచి రోజుకి ఒక్క నిజం చెప్పుకోవాలని నియమం పెట్టుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం, తనకి ఏడుపొచ్చే వేళ, నాన్న పద్దు పుస్తకం చదువుతుంటే పద్మ ఇక్కడ ల్యాప్‌టాప్‌లో ఎక్కిస్తుంది. ఈ ఏర్పాటు మీద నేను చాలా ఆలోచించాను, మళ్ళీ వెనక్కి లాగుతున్నానేమో అని. కానీ వలస వెళ్ళినవాళ్ళ మీద జాన్ బెర్రీ అనే సైకాలజిస్ట్ చేసిన పని గుర్తొచ్చింది. పాతదాన్ని పట్టుకుని కొత్తదాన్ని కూడా అందుకునేవాళ్ళు సాధారణంగా మెరుగ్గా ఉంటారు, రెండింటిలో ఒకటి వదిలేసినవాళ్ళు ఎక్కువ నలుగుతారు అంటాడు. ఆయన మాట్లాడింది దేశాలు, సంస్కృతులు మారినవాళ్ళ గురించి. శ్రీకాకుళం నుంచి మధురానగర్‌కి వచ్చిన మనిషికి కూడా అది వర్తిస్తుందని ఇప్పుడు నమ్ముతున్నాను. ఊరికి నెలకొకసారి వెళ్ళడం కూడా తిరిగి మొదలుపెట్టాం.

ఫలితం

అయిదు నెలలు, మొత్తం పదకొండు సిట్టింగులు. చివర్లో పీహెచ్‌క్యూ-9 స్కోరు 5. తగ్గిన ఆరు కిలోల్లో నాలుగు తిరిగి వచ్చాయి, హిమోగ్లోబిన్ 11.4. మందులు అవసరం పడలేదు. ఇందులో ఎంత వాటా ఐరన్‌ది, ఎంత కాలానిది, ఎంత మేం చేసినదానిది అని విడదీసి చెప్పలేను.

తీరనివి ఉన్నాయి. ఆఫీసు గుంపుతో ఇప్పటికీ దూరమే, అక్కడ యాస ఇప్పటికీ దిద్దుకుంటుంది. అమ్మవారి పండక్కి సెలవు దొరకని రోజు మళ్ళీ అన్నం మానేసింది. హైదరాబాద్ నచ్చిందా అంటే నచ్చలేదనే అంటుంది. నచ్చాలని నేను పట్టుబట్టలేదు.

నా పద్ధతిలో కొన్ని మారాయి. ఊరు వదిలి వచ్చినవాళ్ళని మొదటి రోజు ‘ఎంతమంది ఫ్రెండ్స్’ అని అడగడం మానేశాను, ‘ఒక రోజులో నీ పేరు ఎంతమంది పిలుస్తారు, ఎవరెవరు’ అని అడుగుతున్నాను. వాళ్ళు ఊళ్ళో ఏ పని మీద నలుగురికీ తెలుసో, కొట్టా, ట్యూషనా, గుడా, క్రికెట్ జట్టా, అది రాసుకుంటాను, మొదటి అడుగు అక్కడి నుంచే వేయిస్తాను. ఇంటికి చేసే ఫోన్లు తగ్గించమని చెప్పే ముందు అవి ఏ పని చేస్తున్నాయో చూస్తాను. ‘సరే మేడమ్’ అన్న ప్రతిసారీ ఇంకోసారి అడుగుతాను. వెయిటింగ్ రూములో వాళ్ళు ఎలా ఉన్నారో మా ఆయమ్మని అడుగుతాను, ఆమె చెప్పేది ఫైల్లో రాస్తాను.

ఆర్నెల్ల తర్వాత పద్మ ఫోన్ చేసింది. ఇంకో కంపెనీలో ఉద్యోగం, జీతం కాస్త ఎక్కువ, హాస్టల్ మియాపూర్‌కి మారుస్తోంది. కొట్టు ఆయనకి చెప్పడానికి వెళ్ళి అక్కడే ఏడ్చేసిందట, ‘మళ్ళీ మొదలవుతోందా మేడమ్’ అని కంగారు. అన్నం తింటున్నావా అన్నాను, తింటున్నాను అంది. రాత్రి నిద్ర? పడుతోంది. అమ్మకి చెప్పావా? చెప్పాను, అమ్మ కూడా ఏడ్చింది. ఇంతకీ ఆయన ఏమన్నాడు అని అడిగాను. మియాపూర్‌లో వాళ్ళ పెదనాన్న కొడుకు కొట్టు ఉందట. చీటీ మీద అడ్రస్ రాసిచ్చి, షావుకారి గారి అమ్మాయి వస్తోందని ఆయనకి ఫోన్ కూడా చేసి చెప్పాడట.